మినిట్సు పుస్తకంలో రాయనివి

రాజధాని నుంచి వచ్చిన కుర్రాడు
నున్నటి కాగితాల మీద లెక్క పరిచాడు.
పది స్టేషన్లు. అరవై సైకిళ్లు.
సైకిలు నిలబడటానికి ఇనుప స్తంభం,
స్తంభానికో తెర, తెరకో సిమ్ కార్డు,
సిమ్ కార్డుకి నెలనెలా అద్దె.
ఒక్క స్టేషను ఖర్చుతో
టిసా నది మీద మా పాత వంతెనకి
రెండు వైపులా రెయిలింగు వేయించొచ్చు.
"ఇంతకీ మీ జనాభా?" అన్నాడు.
తొమ్మిది వేలన్నాను.
పెన్నుకి మూత పెట్టేశాడు.

చారాణా సైకిలుకి బారాణా కట్టుగొయ్య.
పైకి ఎవరూ అనలేదు గానీ
బల్ల చుట్టూ అన్ని మొహాల్లోనూ అదే ఉంది.
"ప్రతిపాదన వాయిదా" అని రాశాను.

వెనక వరసలో గిజెల్లా.
మిరపకాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో
రాత్రి పదింటికి దిగుతుంది.
చివరి బస్సు ఎనిమిదింటికే పోతుంది.
సెలవు రోజున ఇంట్లో గ్యాసు మిగులుతుందని
మా హాల్లో హీటరు పక్కన వచ్చి కూర్చుంటుంది.
చెయ్యెత్తలేదు, లేచి నిలబడలేదు,
అల్లుతున్న మేజోడు మీంచి తలెత్తకుండానే అడిగింది:
"లైబ్రరీలో పుస్తకాలు
ఏ స్తంభానికి కట్టేస్తున్నారు?"

లైబ్రేరియన్ డెజో గొంతు సవరించుకున్నాడు.
"సిగ్గుకి" అన్నాడు.
"సిగ్గుకి కట్టేస్తాం.
మూడు నాలుగుసార్లు తప్ప తాడు తెగలేదు."

ఆ తర్వాత అంతా చిల్లర పనులు.
పోలీసు స్టేషను నేలమాళిగలో
ఎవరూ అడగని సైకిళ్లు ఇరవై మూడు దొరికాయి.
ఫౌంటెనుకి రంగుల దీపాలన్న పద్దు కొట్టేసి
ఆ డబ్బుతో గొలుసులు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు.
ట్రాక్టర్ల మెకానిక్కు వెండెల్, డెబ్బై ఒకటో ఏట,
కూలి మాట్లాడుకునే చేశాడు,
ఊరికే చేసిన పనిని
ఊరికే పాడుచేస్తారని.
అంకెల తాళం కోడు లైబ్రరీ కార్డు వెనకాల.
నెలకి ఒక రొట్టె ధర.
ఆలస్యమైతే
పుస్తకానికెంతో దీనికీ అంతే.

రంగు మాత్రం
రోడ్డు గీతలకి పోగా మిగిలిన పసుపు.
ఎన్నాళ్లకీ ఆరదు.
ఎండకి మెత్తబడి బట్టలకి అంటుతుంది.
మొదటి వేసవిలోనే బయటపడింది
పాస్టరుగారు ఎక్కుతున్నారని,
పళ్ల డాక్టరమ్మ ఎక్కుతోందని,
కారున్న మేయరు కూడా ఒకసారి ఎక్కాడని.
గిజెల్లా నల్ల స్కర్టుకి
అంచు కుట్టినట్టు పసుపు.
పదీ ఇరవైకల్లా ఇల్లు చేరుతోంది.
రాత్రుళ్లు వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకునే బేసిను
ఇప్పుడు పెరట్లో, కోళ్లకి.

అక్టోబరులో పద్నాలుగో నంబరు పోయింది.
"గల్లంతు: ఒకటి" అని రాశాను.
వారం తిరక్కుండానే కనిపించింది,
కరకట్ట అవతలి వీధిలో.
అది వీధని పటంలో లేదు.
ఇళ్లకి నంబర్లు లేవు.
నంబరు లేని ఇంటికి కరెంటు బిల్లు రాదు,
బిల్లు లేని మనిషికి లైబ్రరీ కార్డు రాదు.
"చిరునామా రుజువు తప్పనిసరి",
నిబంధనల్లో మూడో వాక్యం.
టైపు చేసిన వేళ్లు నావే.

పదహారేళ్లుంటాయేమో వాడికి,
రెండు ప్యాంటు కాళ్లకీ పసుపు.
క్యారియరు మీద వాళ్ల నానమ్మ,
ఒక కాలికి చెప్పు, ఒక కాలికి కట్టు.
ఆసుపత్రికి, ఆ కట్టు మార్పించడానికి.
నేను పిలవలేదు.
పిలిచి ఏమనాలో కూడా తెలియలేదు.

డిసెంబరు సమావేశానికి
నిబంధనలు కొత్తగా టైపు చేసిచ్చాను.
రెండో వాక్యం తర్వాత నేరుగా నాలుగోది.
మేయరు చూడకుండా సంతకం పెట్టాడు.
డెజో రెండుసార్లు చదివాడు,
కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు,
"అచ్చుతప్పులేం లేవు" అన్నాడు.

ఆ వీధి నుంచి ఇప్పటికి పదకొండు కార్డులు.
పద్నాలుగో నంబరు మాత్రం
పుస్తకంలో ఇంకా గల్లంతే.
పొద్దున ఏడున్నరకి
నా కిటికీ ముందు నుంచే వెళ్తుంది.
బెల్లు మోగదు.
వెండెల్‌కి చెప్పాలి.